పాత సొరుగుల బల్లకు తెల్ల పెయింట్ వేస్తే గీరగానే ఊడుతోంది, పైగా మరకలు తేలుతున్నాయి. ఏం చేయాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ముదురు గోధుమ రంగు పాలిష్ ఉన్న పాత సొరుగుల బల్ల ఒకటి మీ దగ్గరుంది. దాన్ని తెల్లగా మార్చాలని ముందు ఒక సొరుగు ముఖానికి నీళ్లతో పల్చన చేసే పెయింట్ రెండు కోట్లు వేసి చూశారు. వారం తర్వాత గోటితో గీరితే ఉల్లిపొరలా లేచి వచ్చింది. లేవని చోట లేత పసుపు, గులాబీ మరకలు తేలాయి. ఇప్పుడు చెక్క బయటపడేదాకా మొత్తం గీకేయాలా, లేక ఇంకా ఖరీదైన పెయింట్ కొనాలా అన్నది మీ సందేహం.

రెండూ అక్కర్లేదు. జిడ్డు పూర్తిగా కడగండి, పాత పాలిష్ మెరుపు చచ్చేదాకా 180 నంబరు శాండ్ పేపర్‌తో రుద్దండి (నంబరు పెరిగేకొద్దీ కాగితం నున్నన), లక్కతో చేసిన ప్రైమర్, అంటే పెయింట్‌కు ముందు వేసే అడుగు పూత, రెండు కోట్లు వేయండి, దాని మీద నీటి ఎనామెల్, అంటే నీళ్లతో పల్చన చేసే గట్టి పెయింట్, పల్చగా రెండు మూడు కోట్లు వేయండి. తర్వాత మూడు వారాలు ఆ బల్లతో కాస్త సున్నితంగా ఉండండి. గోడల ఎమల్షన్ కాకపోతే మీరు వాడిన పెయింటే అయినా పర్వాలేదు. తప్పు డబ్బాలో లేదు, దాని కింద ఉన్నదాంట్లో ఉంది.

ఇరవై ఏళ్లకు పైగా పాత సామాను బాగుచేస్తున్నాను. ఊడిపోయిన పెయింట్ తెచ్చి చూపించినవాళ్లు దాదాపు అందరూ ముందు అడిగేది "ఏ కంపెనీది వాడాలి?" అనే. నేను ముందు అడిగేది "కింద ఏముంది?" అని. మీకు వచ్చినవి రెండు వేర్వేరు రోగాలు. ఊడిపోవడం పట్టు లేక వచ్చింది. మరకలు చెక్కలో ఉన్న రంగు నీటితో పైకి రావడం వల్ల వచ్చాయి. ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయదు. చాలామంది ఊడిపోయింది కదా అని బాగా రుద్ది మళ్లీ వేస్తారు, అప్పుడు ఊడదు గానీ మరకలు ఇంకా ఎక్కువగా వస్తాయి. ఎందుకంటే రుద్దడంతో, అప్పటిదాకా అడ్డుగా ఉన్న పాలిష్ పల్చబడిపోయింది.

ముందు ఆ పాలిష్ ఏమిటో తేల్చుకోండి. ఇది ఐదు నిమిషాల పని. బల్లను ఒక పక్కకు వాల్చి, కనపడని చోట, అంటే అడుగు అంచునో వెనక కాలి లోపలి వైపో చూడండి. దూదిని మిథిలేటెడ్ స్పిరిట్‌లో ముంచి అక్కడ ఒక నిమిషం పాటు అదిమి పట్టుకోండి. తీసి చూస్తే దూది గోధుమ రంగుకు తిరిగి, అక్కడ వేలు పెడితే బంకలా అంటుకుంటే అది లక్క పాలిష్, మనం ఫ్రెంచ్ పాలిష్ అనేది. స్పిరిట్‌కు ఏమీ కాకపోతే ఇంకో చోట ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో అదే పని చేయండి. కరిగితే లాకర్, అంటే ఆ థిన్నర్‌తో పల్చన చేసి కొట్టే పాలిష్. ముడతలు పడి పొరలా లేస్తే నూనె వార్నిషో ఎనామెలో. దేనికీ చలించకుండా గాజులా ఉండిపోతే పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌లాంటి వార్నిష్, లేదా అసలు అది చెక్కే కాదు, సన్‌మైకా. ఈ చివరిది నవ్వులాటకు చెప్పడం లేదు. సన్‌మైకాను టేకు అనుకుని రెండు రోజులు శాండ్ పేపర్ పట్టినవాళ్లను చూశాను. అంచు దగ్గర చూడండి, చెక్క రేఖలు అంచు తిరిగి పక్కకు కొనసాగుతున్నాయా, లేక ఒక సన్నని గీత దగ్గర తెగిపోయి కింద వేరే సరుకు కనిపిస్తోందా? సొరుగు ముఖం మీద రేఖలు, దాని వెనక రేఖలు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటే అది వెనీర్, అంటే మామూలు చెక్క మీద అతికించిన మంచి చెక్క పల్చటి పొర.

వెనీర్ అయితే చేయి జాగ్రత్త. పాత సామానులో వెనీర్ ఒక మిల్లీమీటరో అంతకన్నా కాస్త ఎక్కువో ఉండొచ్చు గానీ, కొత్తవాటిలో అర మిల్లీమీటరు కూడా ఉండదు. మొదట్లో నేనొక రాత బల్ల పైభాగం మీద మిషన్ పెట్టి 80 నంబరుతో హాయిగా రుద్దుతున్నాను. ఒక మూల రంగు ఉన్నట్టుండి లేతగా మారింది. పాలిష్ బాగా పోతోంది అనుకుని ఇంకో రెండు సార్లు తిప్పాను. తీరా చూస్తే అది పాలిష్ పోవడం కాదు, వెనీరే పోయి కింద నాసిరకం చెక్క బయటపడింది. అరచేయంత మచ్చ. పెయింట్ వేసేదే కాబట్టి లప్పం పెట్టి కప్పేశాను. పాలిష్ పని అయి ఉంటే ఆ బల్ల పోయినట్టే. అప్పటినుంచి వెనీర్ మీద మిషన్ పెట్టను. చేత్తోనే, చిన్న చెక్కముక్కకు కాగితం చుట్టి, అంచులను అసలు తాకీ తాకనట్టు.

ఇక కడగడం. అసలు పని ఇదే. అందరూ దాటేసేదీ ఇదే. ఏళ్ల తరబడి చేతులు తగిలిన పిడుల చుట్టూ, సొరుగు పై అంచుల మీద చర్మపు జిడ్డు, తుడిచిన నూనెలు, మైనం పాలిష్ పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి. కడక్కముందు రుద్దకూడదు. రుద్దితే ఆ జిడ్డు, మైనం పోవు సరికదా, శాండ్ పేపర్ వాటిని గీతల్లోకి దిగ్గొడుతుంది. ముందు గిన్నెలు తోమే సబ్బు నీళ్లు, గుడ్డను గట్టిగా పిండి, రెండు సార్లు. తర్వాత మంచినీళ్ల గుడ్డతో సబ్బు పోయేదాకా. బాగా ఆరాక టర్పెంటైన్ లేదా వైట్ స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో మైనం కోసం ఒకసారి తుడవండి, గుడ్డ మడత మార్చుకుంటూ. ఒకే మడతతో తుడిస్తే మైనాన్ని ఒక చోట నుంచి ఇంకో చోటికి మోసుకెళ్లడమే. శుభ్రమైందో లేదో తెలియాలంటే నాలుగు నీటి చుక్కలు వేయండి. ముత్యాల్లా గుండ్రంగా నిలబడితే ఇంకా మైనమో నూనెయో ఉన్నట్టు. పరుచుకుంటే ఫర్వాలేదు.

సామాను మెరవడానికి కొట్టే స్ప్రేలు వాడిన ఇల్లయితే ఇంకో తలనొప్పి ఉంది. వాటిలో కొన్నింట్లో సిలికాన్ ఉంటుంది. ఆ సిలికాన్ చెక్క సందుల్లోకి దిగి ఎంత తుడిచినా పూర్తిగా పోదు. దాని మీద పెయింట్ వేస్తే అక్కడక్కడా చేపకన్నులాంటి గుంటలు పడతాయి. గుంట మధ్యలో చెక్క కనిపిస్తుంది, చుట్టూ పెయింట్ గట్టులా నిలబడుతుంది. ఒక భోజనాల బల్ల మీద నాకు మూడు సార్లు ఇలాగే అయింది. ప్రతిసారీ బ్రష్ తప్పనుకుని బ్రష్ మార్చాను. చివరికి లక్క ఒక కోటు వేసి దాని మీద వేస్తే ఒక్క గుంట పడలేదు. లక్కకు ఉన్న గొప్పతనం అది, తన కింద ఉన్నదాన్ని పైకి రానివ్వదు.

రుద్దడం గురించి ఎక్కువ చెప్పను. పాత పాలిష్ గట్టిగా పట్టుకుని ఉంటే దాన్ని తీయనక్కర్లేదు, మెరుపు పోయి మీద అంతటా ఒకేలా మసక రావాలి, అంతే. 180తో మొదలుపెట్టి 220తో ముగించండి. పొలుసులు లేస్తున్న చోట మాత్రం 120 పట్టి గట్టి అంచు దొరికేదాకా వెళ్లండి. చెక్క రేఖల వెంటే రుద్దండి. మరీ నున్నగా 400 దాకా వెళ్లడం ఇక్కడ పనికిరాదు, ప్రైమర్ పట్టుకోవడానికి ఆ సన్నని గీతలే ఆధారం. దుమ్ము దులిపి, కొద్దిగా తడి గుడ్డతో తుడిచేయండి. స్టీల్ ఊల్ మాత్రం వాడొద్దు. అందులో తెగిపోయే సన్నని ఇనుప పోగులు చెక్క రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. పైన నీటి పెయింట్ తగలగానే తుప్పు పడతాయి. టేకు, ఓక్ లాంటి టానిన్ (చెక్కలో సహజంగా ఉండే వగరు పదార్థం) ఉన్న చెక్కల్లో నల్ల చుక్కలైపోతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీ బల్లకు ఉన్నది పాలిష్ కాబట్టి మీకు అంతగా వర్తించకపోవచ్చు. కానీ ఇది చదివేవాళ్లలో ఎవరి సామానుకైనా పాత రంగు పెయింట్ ఉంటే, ఆ పెయింట్‌లో సీసం ఉండొచ్చని అనుకునే పని మొదలుపెట్టాలి. ఇళ్లలో వాడే పెయింట్లలో సీసాన్ని అమెరికా 1978లో నిషేధించింది. చాలా దేశాల్లో ఆ పని అంతకన్నా చాలా ఆలస్యంగా జరిగింది. అలాంటి పెయింట్‌ను పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది, నేల మీద పాకే పిల్లల చేతుల్లోంచి నోట్లోకి పోతుంది. హీట్ గన్‌తో కాలిస్తే సీసం పొగ. తడి శాండ్ పేపర్‌తో, కింద ప్లాస్టిక్ పరిచి, మంచి మాస్కు పెట్టుకుని, పిల్లలు లేని చోట చేయాలి. పాత పెయింట్ గట్టిగా ఉంటే దాన్ని అసలు కదపకుండా కడిగి, ప్రైమర్‌తో కప్పేయడమే మేలు. పిల్లల మంచాలు, ఊయలలైతే నేను తెచ్చినవాళ్లకు తిప్పి పంపించేస్తాను.

పుచ్చు సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. చిన్న గుండ్రటి రంధ్రాలుంటే భయపడక్కర్లేదు, అవి పురుగు ఎప్పుడో బయటికెళ్లిపోయిన దారులు కావచ్చు. బల్ల కింద నల్ల కాగితం పరిచి రెండు మూడు వారాలు వదిలేయండి. కాగితం మీద లేత రంగు పిండిలాంటి పొడి కొత్తగా రాలితే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు. ముందు దానికి మందు వేయాలి. పెయింట్ పొర పురుగును చంపదు, ఆ పొరకే కన్నం పెట్టుకుని బయటికొస్తుంది.

లప్పం విషయంలో ఒక్కటే మాట. గోడలకు పెట్టే సిమెంటు లప్పం చెక్కకు పెట్టకండి. చెక్క గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. గోడ లప్పం రాయిలా ఉండిపోతుంది. ఒక వాన, ఒక ఎండ గడిచేసరికి చుట్టూ జుట్టంత గీత పడి బిళ్లలా ఊడి పడుతుంది. చిన్న గీతలకు చెక్క ఫిల్లర్ చాలు. విరిగిన మూలలకు రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పుట్టీ మంచిది. పిడులు మార్చాలనుకుంటే కొత్తవి కొనేముందు పాత మరల మధ్య దూరం కొలవండి. ఇప్పటి పిడుల్లో 96, 128 మిల్లీమీటర్ల దూరాలు మామూలుగా దొరుకుతాయి. పాత బల్లల్లో దూరం వేరేగా ఉంటే పాత కన్నాలు పూడ్చి కొత్తవి వేయాలి. ఆ పని ప్రైమర్‌కు ముందే అయిపోవాలి. పెయింట్ అంతా అయ్యాక కన్నం వేసి, పక్కన ఇంకో కన్నం మిగిలిపోయిందని తెలుసుకోవడం ఎంత బాధో నాకు తెలుసు.

ఇప్పుడు మీ మరకలు. టేకు, మహాగని, ఓక్, రోజ్‌వుడ్‌లాంటి చేవ ఉన్న చెక్కల్లో టానిన్లు, ఇతర రంగు పదార్థాలు ఉంటాయి. పైన్ చెక్కలో ముడుల దగ్గర జిగురు ఉంటుంది. దీనికి తోడు, పాతకాలంలో లేత చెక్కను ముదురు చెక్కలా చూపించడానికి పాలిష్ కింద అద్దకపు రంగు పూసేవాళ్లు. మీకు వచ్చిన గులాబీ రంగు బహుశా ఆ అద్దకానిదే, పసుపు చెక్కది. నీటి పెయింట్ తడిగా ఉన్నంతసేపు ఇవి ఆ నీటిలో కరిగి పైకి ప్రయాణం చేస్తాయి. నీరు ఆవిరైపోతుంది, రంగు పైనే నిలిచిపోతుంది. అందుకే ఇంకో కోటు వేసినా లాభం లేదు. ఇంకో కోటు అంటే ఇంకోసారి నీళ్లు పెట్టడమే, ఇంకోసారి రంగు పైకి ఎక్కడమే. ఆరు కోట్లు వేసినా ఆరో కోటు మీదా అదే మరక.

మామూలు నీటి ప్రైమర్ కూడా ఇదే చేస్తుంది. దీనికి నీళ్లు లేని అడ్డు కావాలి. లక్కతో చేసిన తెల్ల ప్రైమర్‌లో ద్రావకం స్పిరిట్. అది నిమిషాల్లో ఆరిపోతుంది, ముప్పావు గంటలో రెండో కోటు వేసుకోవచ్చు. మొదటి కోటులో కొద్దిగా గులాబీ కనిపించినా కంగారు పడకండి, స్పిరిట్‌లో కరిగే అద్దకమైతే కాస్త పైకి వస్తుంది. రెండో కోటు దాన్ని మూసేస్తుంది. ఈ ప్రైమర్ దొరక్కపోతే మైనం తీసేసిన లక్కను లీటరు స్పిరిట్‌కు సుమారు 200 గ్రాముల చొప్పున నానబెట్టి, ఒక రాత్రి ఉంచి, వడకట్టి రెండు కోట్లు పూయండి. ఆరాక 320తో పైపైన రుద్ది, దాని మీద మామూలు నీటి ప్రైమర్ వేసుకోండి. మైనం తీసేసిన లక్కే కావాలి. మామూలు లక్కలో సహజంగా ఉండే మైనం పైకోటు పట్టును తగ్గిస్తుంది. కలిపిన లక్కను ఏళ్ల తరబడి దాచుకోకండి, పాతబడితే సరిగ్గా ఆరదు. స్పిరిట్ ఆవిరి త్వరగా అంటుకుంటుంది కాబట్టి కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చేయండి.

రోజ్‌వుడ్ గురించి ఒక అనుభవం చెప్పాలి. ఒకాయన కోసం పాత కుర్చీ ఒకటి నూనె ఎనామెల్‌తో చేశాను. రెండు రోజుల్లో ఆరాల్సింది పది రోజులైనా వేలికి అంటుకుంటూనే ఉంది. ఎండలో పెట్టాను, ఫ్యాను పెట్టాను, ఏమీ లేదు. తర్వాత తెలిసింది, ఆ జాతి చెక్కల్లో ఉండే కొన్ని పదార్థాలు నూనె పెయింట్ గాలిని పీల్చుకుని గట్టిపడటాన్నే అడ్డుకుంటాయని. మొత్తం తుడిచేసి, లక్క వేసి, మళ్లీ చేశాను. ఆయన ఏమీ అనలేదు గానీ కుర్చీ అడిగినప్పుడల్లా "ఆరిందా?" అనేవారు. టేకులో కూడా సహజమైన నూనె ఉంటుంది. చెక్క బయటపడ్డ చోట్ల ప్రైమర్‌కు కాస్త ముందు థిన్నర్ గుడ్డతో తుడిచేస్తే మంచిది.

ఏ పెయింట్ అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తెలుపు కావాలంటే నూనె ఎనామెల్ వద్దు. గట్టిగా, నున్నగా వస్తుంది, నిజమే. కానీ వెలుతురు తక్కువగా ఉన్న చోట పసుపెక్కుతుంది. సొరుగు ముఖాలు తెల్లగా ఉండి, వాటి వెనకున్న చట్రం మీగడ రంగుకు తిరగడం చూశాను. ముదురు నీలం, ఆకుపచ్చ లాంటివాటికైతే అభ్యంతరం లేదు. తెలుపుకు నీటి ఎనామెల్, అందులోనూ చెక్కకూ లోహానికీ అని రాసి ఉన్నది తీసుకోండి. గోడల ఎమల్షన్ మాత్రం వద్దు, అది రాపిడికి చేసినది కాదు. చాక్ పెయింట్ గురించి కూడా అడుగుతారేమో. 1990లో బ్రిటన్‌లో మొదలైన పద్ధతి అది. రుద్దకుండా వేయొచ్చు, మసక మసకగా అందంగా ఉంటుంది. కానీ దాని మీద మైనమో వార్నిషో లేకపోతే ప్రతి వేలిముద్రా నిలుస్తుంది. మైనం వేశారంటే మళ్లీ ఎప్పుడైనా రంగు మార్చాలనుకున్న రోజు ఆ మైనం మొత్తం కడగాలి. దాని అడుగునుంచి మరకలు తేలడం కూడా మామూలే, మరకలు ఆపే లక్క ప్రైమర్ దానికీ కావాలి. లాకర్‌ను పాత ఎనామెల్ మీద ఎప్పుడూ కొట్టకండి, లాకర్ థిన్నర్ కింది పొరను ముడతలు ముడతలుగా లేపేస్తుంది.

వేసే తీరు. బల్లను ముందు తలకిందులు చేసి కాళ్లు, అడుగు అంచులు వేయండి, తర్వాత నిలబెట్టి పైనవి. పిడులు, బందులు, తాళాలు విప్పి ఏ సొరుగువి ఆ సొరుగు పొట్లంలో కట్టి పేరు రాయండి. పెద్ద చదును చోట్లకు నాలుగంగుళాల సన్న ఫోమ్ రోలర్, మూలలకు, చెక్కడాలకు బ్రష్. నీటి పెయింట్‌కు సింథటిక్ బ్రష్ తీసుకోండి. జంతువుల వెంట్రుకల బ్రష్ నీళ్లు తాగి ఉబ్బి, కొసలు చీపురులా విచ్చుకుంటుంది. ఒక చోట పెయింట్ పరిచి, బ్రష్‌ను దాదాపు పడుకోబెట్టి, కొసలతో, ఒకే దిశలో, ఒక అంచు నుంచి రెండో అంచు దాకా ఆగకుండా ఒక్క గీత లాగండి. ఆపైన చేయి తీసేయండి. సగం ఆరుతున్న పెయింట్ మీద "ఆ చిన్న గీత సరిచేద్దాం" అని మళ్లీ బ్రష్ పెట్టడమే మనం చేసే పెద్ద తప్పు. పెయింట్ దానంతటదే చదును అవుతుంది, మీరు వదిలేస్తే.

పల్చగా అంటే ఎంత పల్చగా? డబ్బా మీద లీటరుకు 10 నుంచి 12 చదరపు మీటర్లు అని ఉంటే, తడి పొర 0.1 మిల్లీమీటరు లోపే. ఒక సొరుగు ముఖానికి రెండు మూడు చెంచాల పెయింట్ మించదు. మొదటి కోటు తర్వాత కింది ప్రైమర్ కనపడుతూ చారలు చారలుగా ఉంటుంది, అలాగే ఉండాలి. కోటుకూ కోటుకూ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగి, 320తో మెల్లగా ఒకసారి తడిమి, దుమ్ము తుడిచి, తర్వాతి కోటు వేయండి. నీటి పెయింట్ తగిలి లేచిన చెక్క పోగులు ఆ రుద్దుడుతో పోతాయి.

సొరుగు పక్కలు, అవి జారే పట్టాలు పెయింట్ చేయకండి. నాలుగు కోట్లు కలిపి పొర కొద్దిగానే ఉంటుంది గానీ, పాత సొరుగు గట్టిగా పట్టేయడానికి ఆ కొద్దీ చాలు. పట్టాలకు కొవ్వొత్తి రుద్దండి, వెన్నలా జారుతుంది. దానిక్కూడా పెయింట్ అంతా పూర్తయ్యాకే ముహూర్తం, లేకపోతే ఆ మైనం చేతులతో ఇంకెక్కడికో చేరుతుంది. తలుపుల్లో మధ్య పలక గాడిలో కదిలేలా ఉంటే, పలకకూ చట్రానికీ మధ్య సందును లప్పంతో పూడ్చకండి. పలక ఉబ్బడానికి ఆ ఖాళీ కావాలి.

ఆరడం వేరు, గట్టిపడటం వేరు. నీటి ఎనామెల్ చేతికి అంటకుండా గంట రెండు గంటల్లో ఆరుతుంది. పూర్తి గట్టిదనం రావడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. నా మొదటి పుస్తకాల అలమర తెల్లగా వేసి, మూడో రోజే పుస్తకాలన్నీ సర్దేశాను. రెండు నెలల తర్వాత ఒక లావుపాటి నిఘంటువు తీయబోతే రాలేదు. గట్టిగా లాగితే చర్మం ఒలిచినట్టు చప్పుడుతో వచ్చింది, అట్ట అడుగున తెల్ల పెయింట్ పట్టీ అతుక్కుని. అర మీద అదే కొలత నల్లటి చెక్క. ఇప్పటికీ ఆ నిఘంటువు నా దగ్గరుంది, అడుగున తెల్ల గీతతో. సొరుగులను అయితే మొదటి రెండు వారాలు అర అంగుళం తెరిచి ఉంచండి, ముఖం చట్రానికి అతుక్కోకుండా. పైన బరువైనవి, వేడివి పెట్టకండి, తడి గుడ్డతో తుడవకండి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ గడువు ఇంకా పెరుగుతుంది. కుండపోత వాన రోజున పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

పైభాగం బాగా వాడేదైతే నీటి పాలీయురెథేన్ రెండు కోట్లు వేయండి. నూనెతో చేసిన పాలీయురెథేన్ తెలుపు మీద వద్దు, తేనె రంగు తెస్తుంది. సొరుగు ముఖాలకు, పక్కలకు మంచి ఎనామెల్ వేస్తే పైన ఇంకేమీ అక్కర్లేదు. నూనె, వార్నిష్ తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆరే నూనె తనంతట తనే వేడెక్కి గుడ్డలు అంటుకోవడం నిజంగా జరిగే ప్రమాదమే. విప్పి, ఒక్కొక్కటిగా బయట ఆరేసి, గట్టిపడ్డాక పారేయండి.

మీరు అడగకపోయినా ఒక మాట. కడిగాక ఆ బల్ల మంచి టేకో రోజ్‌వుడ్డో అని తేలితే, రెండు రోజులు ఆగి ఆలోచించండి. పెయింట్ ఒకసారి చెక్క రంధ్రాల్లోకి దిగితే మళ్లీ పూర్తిగా బయటికి రాదు. అయినా తెల్లగానే కావాలంటే, అది మీ బల్ల, మీ ఇష్టం, నాకు అభ్యంతరం లేదు. ఆ పరిస్థితిలో రుద్దడం తక్కువగా చేసి, రంగులేని లక్క రెండు మూడు కోట్లు ఎక్కువ వేయండి. ఎప్పుడైనా ఎవరైనా పెయింట్ తీసేయాలనుకుంటే అది రంధ్రాల్లోకి దిగి ఉండదు, లక్కతో పాటు సులువుగా వచ్చేస్తుంది.

ఇప్పుడు మీరు పాడైందనుకుంటున్న ఆ సొరుగుతోనే మొదలుపెట్టండి. లేస్తున్న పెయింట్‌ను ప్లాస్టిక్ గీకుడు పలకతో లేపేయండి, అంత తేలిగ్గా ఊడుతున్నప్పుడు రసాయనాలు అనవసరం. పైన చెప్పినట్టు కడిగి, రుద్ది, ప్రైమర్, రెండు కోట్లు వేసి వారం ఉంచండి. తర్వాత కొత్త బ్లేడుతో అడుగు అంచు దగ్గర రెండేసి మిల్లీమీటర్ల దూరంలో ఆరు గీతలు, వాటికి అడ్డంగా ఆరు గీతలు గీయండి, చిన్న గళ్ల వలలా. గట్టి టేపు దాని మీద అదిమి అతికించి, ఒక్క ఊపున లాగండి. ఐఎస్‌ఓ 2409 పరీక్ష అని పెయింట్ పరిశ్రమలో చేసేది ఇదే. గళ్లన్నీ సొరుగు మీదే ఉంటే, మరక కూడా తేలకుంటే మిగిలిన సొరుగులు విప్పండి. గళ్లు టేపుతో వచ్చేస్తే ఆగిపోండి, కడగడంలోనో పొరల మధ్యనో ఎక్కడో లోపముంది. స్పిరిట్ పరీక్షలో దూదికి ఏ రంగు వచ్చిందో, టేపుతో వచ్చిన పెయింట్ వెనక ప్రైమర్ అంటుకుని ఉందో లేదో నాకు రాయండి. ప్రైమర్ కూడా ఊడి వస్తే ఒక కారణం, ప్రైమర్ నిలిచి పెయింట్ మాత్రమే వస్తే ఇంకో కారణం.